చొక్కా లోగుట్టు

హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీని చూడబోయినవారు అక్కడ ఒక వింత వస్తువు ముందు తప్పక నిలిచిపోతారు. అది 6వ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను బట్టల బీరువా. బీరువా అనడం కన్న బట్టల వీధి అనడం సబబు. పొడవైన సావడి పొడవునా, రెండు అంతస్తులుగా, కలపతో కట్టిన అరలు బారులు తీరి ఉంటాయి. 1869 నుండి 1911 వరకు సింహాసనంపై ఉన్న ఆ ప్రభువు ఒకసారి తొడిగిన దుస్తులను మరల తొడగలేదని ప్రతీతి. ఆయన కొలువులో దుస్తుల వ్యవహారం చూసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా యూదుడు నగరంలో ఒక పెద్ద దుకాణం నెలకొల్పినాడు. ఆ దుకాణం పోయినా, దాని పేరు ఆబిడ్స్ రూపంలో నేటికీ మన నోళ్ళలో నిలిచి ఉన్నది. మహబూబ్ అలీఖాను కుమారుడు, 7వ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను, ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రపంచంలోకెల్ల ధనవంతుడని పేరు పొందిన ఆయన మాసిన షేర్వాణీతో, పాతబడిన రూమీ టోపీతో కాలం గడిపినాడని ఆయనను చూసినవారు వ్రాసినారు.

ఈ తండ్రీకొడుకుల అలవాట్లలో మనకు ఏది సంక్రమించినదో తెలుసుకోవాలంటే, ఒక ఆదివారం సాయంకాలం కొత్తగూడ కూడలికి పోయి నిలబడితే చాలును. సమీపంలోని బహుళ అంతస్తుల అంగడి నుండి యువకులు రెండు చేతులా సంచులు పట్టుకొని బయటకు వస్తుంటారు. ఒక్కొక్క సంచిలో మూడేసి చొక్కాలు. తండ్రి అలవాటే మనకు అబ్బినదని అప్పుడు తోస్తుంది. తేడా ఒక్కటే. మహబూబ్ అలీఖాను ఒకసారి తొడిగి విడిచినవి పదేళ్ళు మన్నగల వస్త్రాలు. మన యువకులు నాలుగుసార్లు ఉతికి విడుస్తున్నవి ఐదో ఉతుకుకు నిలువలేని వస్త్రాలు.

సామాన్యునికి అందుబాటు ధరలో, ఒకే పేరుతో ఊరూరా శాఖలు తెరచి, పురుషుల దుస్తులు విక్రయించే దుకాణాలు మనకు కొత్తవి కావు. అవి పుట్టినప్పుడు ఒక మాట ఇచ్చి పుట్టినవి. ఆ మాట ఏమిటి? అది ఎట్లు నిలిచినది, ఎట్లు సడలినది? ఈ వ్యాసంలో విచారించదలచినది ఇదే.

ముందుగా పాత వ్యవస్థను స్మరించుకొందాం. మన తాతల కాలంలో బట్ట వేరు, కుట్టు వేరు. బట్ట మిల్లు నుండి గాని మగ్గం నుండి గాని వచ్చేది. హైదరాబాదులో దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు 1920లో వెలసినది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో 7వ నిజాము కాలంలో ఏర్పడినది. మదరాసు నుండి బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల గుడ్డలు తెలుగు ఊళ్ళన్నింటికీ చేరేవి. తాను చివర మిల్లు పేరు అచ్చయి ఉండేది. ఉతికితే కుదించుకుపోదని చెప్పే ‘శాన్‌ఫరైజ్డ్’ ముద్ర కనిపిస్తే కొనేవానికి ధైర్యం. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికా దేశస్థుడు 1930 ప్రాంతంలో కనిపెట్టిన ప్రక్రియకు ఆయన పేరే నిలిచినది. కొన్న గుడ్డను దర్జీ వద్దకు తీసుకొనిపోతే, ఆయన టేపుతో కొలిచి, సుద్దముక్కతో గీచి, కత్తిరించి కుట్టేవాడు.

ఆ దర్జీలందరూ మహానుభావులని చెప్పబోవడం లేదు. పండుగకు ఇస్తానన్న చొక్కా పండుగ మరునాటికి గాని రాకపోవడం మనలో చాలామందికి అనుభవమే. మిగిలిన గుడ్డ ఏమైనదని అడిగితే సమాధానం వచ్చేది కాదు. కాని ఆ వ్యవస్థలో ఒక గుణం ఉన్నది. కుట్టినవాడు ఎవరో తొడిగినవానికి తెలుసు. కాజా ఊడినా, చంక కుట్టు విడినా ఆ వీధిలోనే పోయి అడగవచ్చును. పైగా మంచి దర్జీ ప్యాంటు నడుము వద్ద, పిల్లవాని నిక్కరు అంచు మడతలో, లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుట్టేవాడు. మనిషి లావెక్కినా, పిల్లవాడు పొడుగైనా ఆ కుట్టు విప్పి వదులు చేసేవారు. అన్న చొక్కా తమ్మునికి, తమ్ముని చొక్కా ఆపై వానికి అమరేది. ఆ లోపలి రెండంగుళాలే మధ్యతరగతి కుటుంబపు పొదుపు ఖాతా.

ఆ రోజుల్లో ‘రెడీమేడ్’ అన్న మాటకు మర్యాద లేదు. అది సంతలో కుప్పపోసి అమ్మే దుస్తులకు పేరు. తయారు దుస్తులకు గౌరవం కలిగించిన కథ మన దేశంలో మొదలు కాలేదు. అందుకోసం ఇంగ్లండులోని లీడ్సు నగరానికి పోవలసి ఉన్నది.

1900లో లిథువేనియా ప్రాంతం నుండి 15 ఏళ్ళ యూదు బాలుడొకడు ఒంటరిగా ఇంగ్లండు చేరినాడు. తర్వాత మాంటేగ్ బర్టన్ అన్న పేరు పెట్టుకొన్న ఆ యువకుడు చెస్టర్‌ఫీల్డు పట్టణంలో చిన్న బట్టల కొట్టు తెరచినాడు. ఆయన పట్టుకొన్న సూత్రం సులభమైనది. దొరలు తొడిగే సూటును కూలివాడు కూడ తొడగాలి. అయితే అది కుప్పలోని సూటు కాకూడదు, అతని కొలతలకు కుట్టినదై ఉండాలి. ఊరిలోని శాఖలో కొలతలు తీసుకొనేవారు. లీడ్సులోని హడ్సన్ రోడ్డు కర్మాగారంలో కత్తిరించి కుట్టి, మరల ఆ శాఖకే పంపేవారు. ఆ కర్మాగారంలో ఒక దశలో దాదాపు 10,000 మంది పనిచేసినారు. 1939 నాటికి బర్టన్ దుకాణాలు దాదాపు 600. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఇండ్లకు మరలిన సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన సూట్లలో పెద్ద భాగం ఈ సంస్థ కుట్టినవే. గని కార్మికుడు, గుమాస్తా, బడిపంతులు ఆదివారం పూట ఒకే తీరు సూటులో కనిపించినారంటే, అది ఒక సామాజిక పరిణామం. స్వల్ప ఆదాయం గల మనిషి ధర చూసి భయపడకుండా, నాణ్యం చూసి సిగ్గుపడకుండా దుకాణంలో అడుగు పెట్టగలిగినాడు. శాఖల దుకాణం ఇచ్చిన మాట ఇదే: ధర ఒక్కటే, నాణ్యం ఒక్కటే, ఏ ఊళ్ళో కొన్నా ఒక్కటే.

మన దేశంలో ఈ మాట ఆలస్యంగా వినబడినది. రేమండు సంస్థ బొంబాయిలో తన మొదటి ప్రత్యేక విక్రయశాల తెరచినది 1958లో. అది కూడ ప్రధానంగా గుడ్డ అమ్మేందుకే. 1960 తర్వాత టెరిలిన్, టెరికాటన్ గుడ్డలు వచ్చి, ఇస్త్రీ నలగని చొక్కా మోజు పట్టణాలను ఊపివేసినది. ఆ మోజులో కూడ కుట్టు దర్జీదే. తయారు చొక్కా మర్యాదస్థుని ఒంటి మీదికి నిజంగా ఎక్కినది 1990 దశకంలో. ఐర్లండులో 1889లో పుట్టిన పీటర్ ఇంగ్లండు పేరును మదురా గార్మెంట్స్ సంస్థ 1997లో మన దేశంలోకి తెచ్చి, మధ్యతరగతికి అందే ధరలో చొక్కాలు అమ్మసాగినది. అదే ఏడు కలకత్తాలో పాంటలూన్స్ మొదటి పెద్ద దుకాణం తెరచినారు. 2001లో బిగ్ బజార్ కలకత్తా, హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో రోజుల వ్యవధిలో వెలసినది.

హైదరాబాదుకు ఈ తేదీలు ప్రత్యేకంగా ముఖ్యమైనవి. 1998 నవంబరులో మాదాపురంలో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినారు. దానికి పొరుగున ఉన్న కొత్తగూడ అప్పటికి రంగారెడ్డి జిల్లాలోని ఒక గ్రామం. కరీంనగరం నుండి, శ్రీకాకుళం నుండి, అనంతపురం నుండి ఇంజనీరింగు పట్టాలతో వచ్చిన యువకులు అమీర్‌పేట శిక్షణ గదుల్లో చదివి, ఇటు ఉద్యోగాలకు వచ్చినారు. వారి తండ్రులు పంచె కట్టినవారు. కొడుకుకు నిండు చేతుల చొక్కా, మడత ప్యాంటు, కొన్నిచోట్ల మెడకు టై కూడ కావలసి వచ్చినది. దర్జీ కోసం పది రోజులు ఆగే వ్యవధి లేదు. ఆ అవసరాన్ని తీర్చినది శాఖల దుకాణం.

ఈ వ్యాసకర్త కూడ ఆ తరంవాడే. 20 ఏళ్ళ క్రిందట ఉద్యోగపు ఇంటర్వ్యూ నిమిత్తం అట్టి దుకాణంలో ఒక తెల్లని నూలు చొక్కా కొన్నాను. దుకాణంలోని పెద్దాయన నా మెడ కొలత తీసుకొని, 39 అని చెప్పి, కాలరు లోపల రెండు వ్రేళ్ళు దూర్చి చూసి, సరిపోయినదని తల ఊపినాడు. ఆ చొక్కా పదేళ్ళు తొడిగినాను. కాలరు అంచు అరిగినది గాని కుట్టు విడలేదు. నిరుడు మరొక శాఖల దుకాణంలో అటువంటి తెల్ల చొక్కాయే కొన్నాను. మూడో ఉతుకుకు కాలరు మీద బుడగలు లేచినవి. ఆరో ఉతుకుకు పక్క కుట్టు మెలి తిరిగి బొత్తాల పట్టీ వైపుకు జరిగినది. తిరిగి తీసుకొనిపోతే, చీటీ ఉన్నదా అని అడిగినారే గాని, ఏమైనదని ఎవరూ అడగలేదు.

ఒక్క చొక్కాతో చరిత్ర వ్రాయకూడదు. అయితే ఆ బుడగలకు, ఆ మెలికకు కారణాలు ఉన్నవి. అవి తెలుసుకొంటే నాణ్యం ఏ దారిన తరిగినదో కొంత బోధపడుతుంది.

కాలరు బిగువుగా నిలవడానికి పూర్వం లోపల బకరం పెట్టి కుట్టేవారు. తర్వాత జిగురు పూసిన లోపలి గుడ్డను వేడితో అతికించే పద్ధతి వచ్చినది. మంచి జిగురు, తగిన వేడి, తగిన ఒత్తిడి ఉంటే అది కూడ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఈ మూడింటిలో ఒకటి తగ్గితే ఉతుకులో పొర విడి బుడగలు లేస్తాయి. మంచి చొక్కాలో అంగుళానికి 14 మొదలు 18 వరకు కుట్లు పడతాయి. 10 కుట్లతో సరిపెడితే మిషను త్వరగా సాగుతుంది, దారం కలిసివస్తుంది, చొక్కా చూడడానికి అట్లే ఉంటుంది. కత్తిరించేటప్పుడు గుడ్డ పోగుకు నేరుగా పెట్టక, కొంచెం వంకరగా పెట్టి ముక్కలు ఇరికిస్తే గుడ్డ మిగులుతుంది. ఆ చొక్కాయే ఉతికిన తర్వాత మెలి తిరుగుతుంది. పొడుగు పింజ పత్తిని దువ్వి తీసిన నూలుకు బదులు పొట్టి పింజ నూలు వాడితే గుడ్డ మీద ఉండలు కడతాయి. సాగే దారం కలిపిన గుడ్డ ఒంటికి అతుక్కొని అందంగా కనిపిస్తుంది గాని, వేడి నీటి ఉతుకులో ఆ సాగుడు చచ్చి వేలాడబడుతుంది. ఇవేవీ అద్దం ముందు నిలబడినప్పుడు కనిపించవు. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అన్నట్లు, లోకుట్టు కుట్టినవానికే ఎరుక.

మరి వ్యాపారి ఎందుకు తగ్గించినాడు? దురాశ ఒక్కటే కారణమనుట తేలిక, కాని అది అసంపూర్ణం. ధర విషయం చూడండి. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు 1000 రూపాయల వరకు ధర గల దుస్తులపై 5 శాతం, అది దాటినవాటిపై 12 శాతం పన్ను విధించినారు. 999 అన్న అంకెకు కొనేవాని మనసులో ఉన్న ఆకర్షణకు చట్టం కూడ తోడైనది. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ హద్దును 2500 రూపాయలకు పెంచి, దాటినవాటిపై 18 శాతం చేసినారు. నడుమ 8 ఏళ్ళలో నూలు ధర, కూలి, దుకాణపు అద్దె అన్నీ మారినవి. ధర చీటీ మాత్రం 999 దాటరాదు. ధర కదలని చోట గుడ్డ కరగక తప్పదు. చదరపు మీటరుకు కొన్ని గ్రాములు తగ్గుతాయి. చొక్కా పొడవు ఒక అంగుళం తగ్గుతుంది. జేబు మాయమవుతుంది. కలము పెట్టుకొనే అలవాటు గలవారు జేబు ఉన్న చొక్కా కోసం ఎన్ని దుకాణాలు తిరుగుతున్నారో అడిగి చూడండి.

రెండవ కారణం తగ్గింపు అమ్మకాలు. పూర్వం ఆషాఢంలో ఒకసారి ఉండే తగ్గింపు ఇప్పుడు ఏడాది పొడవునా కనిపిస్తున్నది. రెండు కొంటే రెండు ఉచితం అన్న దుకాణంలో, ఆ నాలుగింటి ఖర్చు రెండింటి ధరలో ఇమడాలి గదా! ఇచ్చినవాడు ధర్మాత్ముడు కాడు, పుచ్చుకొన్నవాడు లాభపడినవాడు కాడు. ధర ఒక్కటే అన్న మొదటి మాట ఇక్కడ పోయినది.

మూడవది ప్రపంచ వాణిజ్యంలో వచ్చిన మార్పు. దుస్తుల ఎగుమతులపై దేశాలవారీగా పరిమితులు విధించిన ఒప్పందం 2005 జనవరి 1తో ముగిసినది. తర్వాత కుట్టుపని ఎక్కడ కూలి తక్కువైతే అక్కడికి తరలినది. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించినారు. వారిలో అధికులు చవక దుస్తులు కుట్టే కార్మికులు. ధర చీటీ మీద కనిపించని ఖర్చును ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారన్న సత్యం ఆనాడు లోకానికి తెలిసినది.

నాలుగవది శైలి. ఏ ఊరిలో ఏ కొలతల మనుషులున్నారు, వారు ఏమి పనిచేస్తారు అన్న విచారణ తగ్గినది. సన్నని నడుము గల 20 ఏళ్ళ కుర్రవాని ఆకృతిని ప్రమాణంగా పెట్టుకొని, అందరినీ అందులో దూరమంటున్నారు. ఐదు దుకాణాలు తిరిగినా ఒకే గళ్ళు, ఒకే పూలు. 2020లో మహమ్మారి వచ్చి ఉద్యోగులు ఇంటి నుండే పనిచేయసాగిన తర్వాత, ఇస్త్రీ చొక్కాకు గిరాకీ మరింత పడిపోయినది. మెడ కొలిచి చెప్పగల పెద్దాయన స్థానంలో ఇప్పుడు మడతలు పెట్టే కుర్రవాడున్నాడు. అతనికి వస్త్రం గురించి ఎవరూ నేర్పలేదు. అది అతని తప్పు కాదు.

ఇట్లు చేసి ఆ దుకాణాలు సుఖపడినవా అంటే, అదీ లేదు. 1818లో పుట్టిన అమెరికా బ్రూక్స్ బ్రదర్స్ సంస్థ 2020లో దివాలా రక్షణ కోరినది. బర్టన్ దుకాణాలు 2021లో మూతపడి, ఆ పేరు మాత్రం అంతర్జాల వ్యాపారులకు అమ్ముడుపోయినది. బిగ్ బజార్ నడిపిన సంస్థ 2022లో దివాలా ప్రక్రియలోకి పోయినది. వీటి పతనానికి అప్పులు, మహమ్మారి, అంతర్జాల విక్రయాలు అని వేర్వేరు కారణాలున్నవి. అయితే మనం గమనించవలసినది ఒకటున్నది. చవకతనం ఒక్కటే పెట్టుబడి అయినప్పుడు, ఇంకా చవకగా ఇచ్చేవాడు రాగానే కొనేవాడు అటు నడిచిపోతాడు. నాణ్యం మీద కుదిరిన స్నేహం అంత త్వరగా తెగదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. పూర్వం ఏడాదికి రెండు జతలతో సరిపెట్టుకొన్న పేదవాని బిడ్డ నేడు పుట్టినరోజుకు కొత్త చొక్కా తొడుగుతున్నాడు. అది తప్పా? కాదు, ముమ్మాటికీ కాదు. చవక దుస్తులు తెచ్చిన ఆ సమానత్వాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. ఫిర్యాదు చవకతనం మీద కాదు. బర్టన్ సూటు కూడ చవకదే. చవకైనది త్వరగా చినిగితే, పేదవాడు దానినే మరల మరల కొనవలసి వస్తుంది. ధనవంతుడు 4000 రూపాయలు పెట్టి పదేళ్ళు తొడిగే చోట, పేదవాడు ఏటేటా 999 చెల్లిస్తాడు. పదేళ్ళు గడిచేసరికి ఎక్కువ ఖర్చుపెట్టినవాడు పేదవాడే. శాఖల దుకాణం పుట్టినది ఈ అన్యాయాన్ని తొలగించడానికి. ఇప్పుడు అదే దానిని పెంచుతున్నది.

వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడినది. చుట్టూ నల్లరేగడిలో పత్తి మాత్రం పండుతూనే ఉన్నది. ఆ పత్తిలో చాలా భాగం దూరపు రాష్ట్రాలకు పోయి, నూలై, గుడ్డయి, చొక్కాయై కొత్తగూడకు తిరిగి వస్తున్నది. 2017 అక్టోబరులో ఆ జిల్లాలోనే, గీసుకొండ, సంగెం మండలాలలో, కాకతీయ భారీ జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినారు. అక్కడ నూలు, నేత, కుట్టు ఒకే చోట సాగాలన్నది సంకల్పం. పత్తి పండించిన జిల్లాలోనే చొక్కా పుట్టే రోజు వస్తే సంతోషమే. కాని ఆ చొక్కాలో అంగుళానికి ఎన్ని కుట్లుండాలో నిర్ణయించేది పార్కు కాదు, కొనేవాడు.

కనుక ఈసారి దుకాణానికి పోయినప్పుడు, అద్దం ముందు నిలబడే ముందు, చొక్కాను లోపలి వైపుకు తిప్పి చూడండి. అంగుళం మేర కుట్లు లెక్కపెట్టండి. బొత్తాన్ని కొంచెం లాగి చూడండి. గళ్ళ చొక్కా అయితే జేబు గళ్ళు గుడ్డ గళ్ళతో కలిసినవో లేదో పరికించండి. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి నేత చూడండి. అమ్మే కుర్రవాడు మొదట నవ్వవచ్చును. పదిమంది అట్లే చూస్తే తన పైవారికి చెబుతాడు. కొత్తగూడ సందుల్లో ఒక మిషను ముందు పెట్టుకొని పొడుగు తగ్గించే, నడుము బిగించే దర్జీలు ఇంకా ఉన్నారు. కొన్న చొక్కాను ఒకసారి వారికి చూపించండి. లోపల వదిలిన గుడ్డ ఎంత ఉన్నదో వారు వ్రేలితో తడిమి చెబుతారు.